చవుటినీరు, ఉప్పుబాట: ఉత్తర తెలంగాణ లవణచరిత్ర

ఉప్పునకు సముద్రమే పుట్టినిల్లని లోకవ్యవహారము. అయినను సముద్రమును కన్నులార చూడని సీమలును ఉప్పు లేక బ్రతుకజాలవు. గోదావరి కిరుదరుల వ్యాపించియున్న కరీంనగరము, ఆదిలాబాదు సీమలు ఇట్టివి. కరీంనగరమునుండి మచిలీపట్టణమునకు గీచిన సూటిగీతయే 300 కిలోమీటర్లకు మించును. ఆదిలాబాదునుండి యైనచో 450 కిలోమీటర్లకు మించును. ఎడ్లు నడచు త్రోవ యింతకంటెను దీర్ఘము. 2016లో ఈ రెండు జిల్లాలును పలు జిల్లాలుగా విభజింపబడినవి. ఈ వ్యాసమందు చరిత్రసౌకర్యముకొఱకు పాతపేరులే గ్రహింపబడినవి.

ఇట్టి లోసీమకు ఉప్పు రెండు తెఱగుల లభించెను. ఒకటి, నేలలోని చవుడును నీట కరగించి తీసినది. రెండవది, తీరమునుండి ఎద్దులవీపున వచ్చినది. మొదటిది ఊరిది, రెండవది బాటది. ఈ రెంటిలో సముద్రపుటుప్పు వర్తకుల లెక్కలలోను ప్రభుత్వముల పత్రములలోను విశేషముగా కనబడుచుండుటచే చరిత్రకారుల దృష్టి దానిపైననే నిలిచినది. చవుటియుప్పు పేదల వస్తువగుటచే మఱుగుపడినది. కాని ప్రాచీన దానశాసనములలోని యొక పారిభాషిక పదమునకు సరియైన యర్థము తెలియవలెనన్నచో ఈ చవుటియుప్పునే యాశ్రయింపవలసియున్నది. ఆ పదమును ఆ పనియు ఒకదాని కొకటి వెలుగునిచ్చునని చూపుటయే ఇచ్చటి ముఖ్యోద్దేశము.

శబ్దవిచారము

ఉప్పు అను పదము తెలుగు, తమిళము, కన్నడము, మలయాళములయందు ఒక్కరూపముననే యున్నది. ఆదిలాబాదు అడవులలో నివసించు కొలాముల భాషయందు ఉప్పునకు ‘సుప్’ అనియు, గోండీయందు ‘సొవర్’ అనియు వ్యవహారము. ఈ రూపములను బట్టి మూలద్రావిడమున నీ పదమునకు ఆదియందు చకారముండెననియు, అది దక్షిణభాషలలో లోపించి ‘ఉప్పు’ అయినదనియు భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున కొలాముల నోట నున్న ‘సుప్’ అను మాట మన ‘ఉప్పు’కంటె పూర్వరూపమునకు చేరువైనది. సముద్రమునకు మిక్కిలి దూరమున, కొండకోనలలో నివసించు జనులకును ఉప్పునకు స్వభాషాపదమే యుండుట గమనింపదగినది. తీరవర్తకు లుప్పుతోపాటు దాని పేరునుగూడ మోసికొని వచ్చిరని తలంచుటకు వీలులేదు.

సంస్కృతమునందు సాముద్రము, సైంధవము మున్నగు భేదములు పండితులకు తెలిసినవే. చరకుడు చెప్పిన లవణపంచకమందు సాముద్రముతోపాటు ఔద్భిదము చేరియున్నది. ఔద్భిదమనగా నేలను భేదించుకొని పైకి వచ్చినది. చవుటిపూతనుండి తీసిన యుప్పన్నమాట. చవుటిమట్టికి అమరకోశమున ఊషము, క్షారమృత్తిక యను పేరులును, అట్టి నేలకు ఊషరమను పేరును గలవు. కృత్రిమలవణమునకు బిడమనియు పాక్యమనియు పేరులు. పాక్యమను పదమే అది వండితీసిన దని తెలుపుచున్నది. ఇట్లు వైద్యులును కోశకర్తలును సముద్రపుటుప్పును మాత్రమే కాక, నేల యుప్పును నీట కరగించి కాచిన యుప్పును వేఱువేఱుగా నెఱిగియుండిరి.

పేరులను బట్టి యూళ్ళ చరిత్ర నిర్ణయించునప్పుడు మాత్రము జాగరూకత వలయును. కాజీపేట, బల్హార్షాల నడుమ రైలుదారిపై కరీంనగర సీమయందు ‘ఉప్పల్’ అను స్టేషనున్నది. పేరునందు ‘ఉప్పు’ వినబడినంతమాత్రమున ఆ యూర ఉప్పు తీసిరని చెప్పరాదు. నేలను చూచి, పాతదిబ్బలను పరిశీలించి, ఆ పిమ్మట పేరు నర్థము చేసికొనుట యుక్తము.

శాసనసాక్ష్యము

కౌటిల్యుని అర్థశాస్త్రమందు లవణాధ్యక్షుడను నుద్యోగి కలడు. వెలుపలినుండి వచ్చిన ఉప్పులో ఆఱవపాలు రాజునకు చెల్లవలెను. ఉప్పును కల్తీచేసినవానికి ఉత్తమదండనము; అనుమతి లేక ఉప్పు తీసి జీవించువానికిని అట్లే. కాని వానప్రస్థులకు ఈ నిషేధము లేదు. శ్రోత్రియులును తపస్వులును వెట్టిపనివారును తమ కూటికి వలసినంత యుప్పు గొనిపోవచ్చును. ఇందు రెండంశములు ముఖ్యములు. వెలుపలియుప్పునకు వేఱుగ నియమము చెప్పుటచే స్థానికమైన యుప్పుకూడ నుండెనని తేలుచున్నది. ఉప్పుపై రాజున కధికారమున్నను, తిండికి వలసినంత యుప్పుపై నిరుపేద వెట్టివానికిని హక్కుండెననియు తేలుచున్నది.

శాతవాహనరాజైన గౌతమీపుత్ర శాతకర్ణి నాసికగుహాశాసనమున భిక్షువులకు భూమి నిచ్చుచు ఆ భూమికి కొన్ని పరిహారముల నొసగెను. అందు ‘అపావేస’, ‘అనోమస’, ‘అలోణఖాదక’ అనునవి వరుసగా నున్నవి. మొదటిది రాజభటులు ప్రవేశింపరాదనుట, రెండవది రాజోద్యోగులు దానిని తాకరాదనుట, మూడవదియే ప్రకృతవిషయము. ప్రాకృతమందలి ‘లోణ’ము లవణమే. ‘ఖాదక’మును కొందఱు భక్షణార్థమున గ్రహింపబోవుదురు. కాని త్రవ్వుటయను నర్థముగల ‘ఖాతక’శబ్దమే ప్రాకృతమున నీరూపము దాల్చినదని గ్రహించుట సమంజసము. దీనిని స్థిరపఱుచు సాక్ష్యము విదర్భమునందున్నది. వాకాటక రెండవ ప్రవరసేనుని చమ్మకు తామ్రశాసనమందు ఇట్టి పరిహారమే సంస్కృతమున జెప్పబడినది. అచ్చట లవణశబ్దముతో గూడ ‘ఖనక’మను రూపము స్పష్టముగా నున్నది. ‘ఖనక’మునకు త్రవ్వుట దప్ప వేఱర్థము పొసగదు. పల్లవ శివస్కందవర్మ యువరాజుగా నుండి యిచ్చిన మైదవోలు శాసనమునందును, తరువాత నిచ్చిన హిరహడగల్లి శాసనమునందును లవణపరిహారము కలదు. మైదవోలు గుంటూరు సీమలోనిది. శాసనాజ్ఞ ధాన్యకటకమునందలి యధికారి నుద్దేశించినది.

ఈ పరిహారము రాజునకు గల లవణాధికారమును తెలుపునని సాధారణముగా వ్యాఖ్యానింతురు. అది సరియే. కాని ‘త్రవ్వుట’ యను మాటకు ఇంకను ప్రాధాన్య మీయవలసియున్నది. సముద్రపుటుప్పును ఎవరును త్రవ్వరు. మడులలో నీరు పెట్టి ఎండబెట్టుదురు. శిలారూపమైన సైంధవమును త్రవ్వుదురుగాని అట్టిగనులు దక్కనులో లేవు. అవి పంజాబునందలి లవణపర్వతములలోను, హిమాచలమందలి మండిలోను గలవు. పడమటికనుమలకు తూర్పున నున్న నాసికయందును, సముద్రమునకు బహుదూరమున నున్న విదర్భయందును ఉప్పుకొఱకు త్రవ్వదగినది చవుటినేల యొక్కటియే. కాబట్టి ‘అలోణఖాదక’మనగా దానభూమిలోని చవుడును రాజపురుషులు ఉప్పుకొఱకు త్రవ్వించుకొని పోరాదని యర్థము చెప్పవలెను.

తీరమునకు సమీపమైన ధాన్యకటకమునందును ఈ పదమే యున్నదికదా యని యాక్షేపింపవచ్చును. దానికి సమాధాన మిది. పరిహారములు రాజకార్యాలయములలో తరతరములుగా నొకే వరుసను వ్రాయబడు మాటలు. పల్లవులు శాతవాహనుల పద్ధతినే యనుసరించిరి. లోసీమలో నర్థవంతమై పుట్టిన మాట తీరమున పరిపాటిగా నిలుచుట వింతగాదు. తీరమున బుట్టిన మాట యైనచో ‘త్రవ్వుట’ యేల చేరెనో చెప్పుట కష్టము.

శాతవాహనులకు ఉత్తరతెలంగాణముతో గల సంబంధము త్రవ్వకములవలన సుస్థిరమైనది. కరీంనగరసీమలో పెద్దబంకూరు, ధూళికట్ట, కోటిలింగాల శాతవాహనకాలపు స్థలములు. గోదావరియొడ్డున నున్న కోటిలింగాలయందు వంశకర్తయైన సిముకుని నాణెములు దొరకినవి. నాసికశాసనమందు కనబడు రాజనీతి ఈసీమకు పరాయిది కాదు.

చవుటినీటి పని

ఇక ఆ త్రవ్వినమట్టి ఉప్పగుట యెట్లో చూడవలెను. వేసవియందు తేమ యెండలకు పైకెగసి ఆఱిపోగా నేలపై తెల్లని పూత నిలుచును. ఆ పూతతో గూడిన మట్టిని గీకి ప్రోగుచేయుదురు. ఎత్తైన దిబ్బపై గుంట చేసి, లోపల బంకమట్టి మెత్తి, అడుగున పుల్లలును గడ్డియు పఱచి, దానిపై చవుటిమట్టి నింపి నీరు పోయుదురు. నీరు మెల్లగా దిగి మట్టిలోని లవణమును కరగించుకొని, క్రింది త్రోవవెంట మఱియొక గుంటలో చేరును. ఇదియే చవుటినీరు. దానిని గచ్చుచేసిన లోతులేని మడులలో పోసి ఎండబెట్టినచో ఉప్పు మిగులును. కుండలలో కాచి దీయుటయు కలదు. నీరు నిండుగా లవణమును గ్రహించినప్పుడు నూఱుపాళ్ళ బరువున సుమారు 26 పాళ్ళు ఉప్పే యుండును. సముద్రపునీటిలో నది మూడున్నర పాళ్ళు మాత్రమే. కాబట్టి సముద్రజలము పదింట తొమ్మిదిపాళ్ళు ఆవిరియైనగాని ఉప్పు పేరుకొనదు. చవుటిమట్టి బాగుగా పూచినచోట ఊరివాని శ్రమ మడులలో గాక మట్టిమోతలోనే యుండును.

ఈ పని వంశవృత్తిగా గలవారే ఉప్పరవారు. వారి పేరే వారి వృత్తిని చెప్పుచున్నది. వారు తమను సగరులనియు పిలుచుకొందురు. సముద్రమును త్రవ్విన సగరపుత్రుల సంతతివారమని వారి ఐతిహ్యము. ఉప్పు తీయువారు సముద్రమును త్రవ్వినవారి వారసులమని చెప్పికొనుటయందలి యౌచిత్యము సులభముగానే తెలియును. త్రవ్వుటయే వారి వృత్తికి మూలమని ఆ కథ సాక్ష్యమిచ్చుచున్నది; శాసనమందలి ‘ఖాదక’పదమునకు జనశ్రుతిలోని జత యిదియే యనవచ్చును.

చవుటియుప్పు పనిని గూర్చి మిక్కిలి స్పష్టముగా వ్రాయబడినది బళ్ళారి, కర్నూలు ప్రాంతములలోని ఉప్పరులను గూర్చియే. అచ్చట నీరు దిగిపోయిన చప్పనిమట్టిని ప్రక్కకు త్రోయగా త్రోయగా ఏటేట దిబ్బ పెరిగి చిన్నకొండవలె నగుచుండెను. అట్టి దిబ్బలను ‘మోదలు’ అనిరి. ఇది తెలంగాణమున పురాతనస్థలములను వెదకువారు గుర్తుంచుకొనదగిన విషయము. ఊరివెలుపలి ప్రతిదిబ్బయు పాటిదిబ్బ కాదు. పెంకులు, ఎముకలు, ఇటుకలు పొరలు పొరలుగా కనబడినచో జనావాసము; ఒకే తీరుమట్టి ప్రోగై, అంచున గచ్చుమడుల జాడ లున్నచో అది ఉప్పుదిబ్బ కావచ్చును.

చవుటినీటి యుపయోగము కూటితో ముగియదు. నేలను బట్టి చవుడు మాఱును. ఒకచోట తినెడి యుప్పు మిక్కుటము. ఒకచోట బట్టలుదుకు క్షారము మిక్కుటము. పాతగోడల దరిని, పశువులకొట్టముల దరిని పెట్లుప్పు మిక్కుటము. చాకలివారు చవుటిమట్టి కలిపిన నీట బట్టలను నానవైచి ఆవిరిపట్టించుట చిరకాలాచారము. ఆ క్షారము జిడ్డును సబ్బువలె మార్చి నీట కలుపును. వంటయింట ఉప్పునీరు ఊఱగాయను కాపాడును. కాయలోని నీటిని వెలికిలాగి క్రుళ్ళుపుట్టించు సూక్ష్మజీవులకు నిలువనీడ లేకుండజేయుటయే అందలి రహస్యము. పచ్చితోలు చెడకుండుటకును ఉప్పే యాధారము.

ఒకే చవుటినీటినుండి తిండియుప్పును పెట్లుప్పును వేఱుచేయుట నేర్పుతో గూడిన పని. నూఱుపాళ్ళ నీరు మరుగునప్పుడు పెట్లుప్పును సుమారు 246 పాళ్ళు కరగించుకొనును. చల్లారి 20 డిగ్రీలకు వచ్చునప్పటికి 32 పాళ్ళు మాత్రమే నిలుపుకొనగలదు. తిండియుప్పు మరుగునీట 39, చన్నీట 36 పాళ్ళు, భేదము స్వల్పము. కావున కాచునప్పుడే అడుగున బడినది తిండియుప్పు. చల్లార్చినప్పుడు సూదులవలె నేర్పడినది పెట్లుప్పు. ఈ లెక్కలు తెలియకయే పనివారు ఈ క్రమము నెఱిగియుండిరి. తుపాకిమందులో నాల్గింట మూడుపాళ్ళు పెట్లుప్పే. పదునెనిమిదవ శతాబ్దమున జఫరుద్దౌలా యధికారమున నున్న నిర్మల, ఎలగందుల, జగిత్యాల కోటల బురుజులపై ఫిరంగులు నిలిచినకాలమున, చవుటినీటిని కాచు పొయ్యి రాజ్యరక్షణమునకును పనివస్తువే యయ్యెను.

పొరుగున నున్న బీరారునందు ఉప్పునీటి యునికి మఱింత ప్రసిద్ధము. లోనారు సరస్సు లవణాసురుని కథతో ముడివడియున్నది. పదునాఱవ శతాబ్దాంతమున అబుల్ ఫజలు రచించిన ఐనీ అక్బరీలో ఆ కొండలు గాజునకును సబ్బునకును వలయు పదార్థముల నిచ్చుననియు, పెట్లుప్పుపై రాజునకు ఆదాయము గలదనియు చెప్పబడినది. ఆ గ్రంథమే నిర్మల, ఇందూరు ప్రాంతముల ఉక్కునుగూర్చియు చెప్పుచున్నది. అకోలా ప్రాంతమున పూర్ణానదీలోయయందు ఉప్పునీటి బావులుండెను. ఆ నీటినుండి ఉప్పు తీయుట అచ్చటి పాతవృత్తి.

ఉప్పుబాట

అయినను చవుటియుప్పు చాలదు. అది యన్నియూళ్ళ దొరకదు. దొరకినను కొంత చేదుగనుండును. మిగిలిన కొఱతను బాట తీర్చెను. ఈ బాటపై నడచినవారిలో పెరికెవారు ముఖ్యులు. పెరికె యనగా ఎద్దుపై వేయు గోనెసంచి; ఆ సంచులలో ఉప్పును ధాన్యమును మోయించువారికి అదియే కులనామమైనది. కరీంనగరము, ఓరుగల్లు సీమలలో వారి జనసంఖ్య గణనీయము.

రెండవవారు లంబాడీలు. వారి పేరు సంస్కృతమందలి ‘లవణ’శబ్దమునుండి వచ్చినదని యొకవాదము కలదు. బంజారాయను పేరు వాణిజ్యపదమునుండి కలిగినదని మఱియొకవాదము. వ్యుత్పత్తి యేదైనను వారి వృత్తిలో ఉప్పునకు గల స్థానము సందేహాతీతము. పదునేడవ శతాబ్దమున దక్కనున సంచరించిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వీరిని నాలుగు తెగలుగా వర్ణించెను. ఒక్కొక్క గుంపునందు పదివేలు, పండ్రెండువేల ఎద్దులుండుననియు, ఒక్కొక్క తెగ ఒక్కొక్క సరుకునే మోయుననియు, నాల్గవతెగ సరుకు ఉప్పనియు వ్రాసెను. ఆ తెగవారు ఉప్పుగడ్డను సంచిలో నుంచి మెడకు వ్రేలాడవేసికొందురట. అది యెంత బరువైన నంత గౌరవమట. ప్రతిదినము ఉదయమున ప్రార్థనకు ముందు దానితో కడుపును కొట్టుకొందురట. సరుకే దైవచిహ్నమైన యీ యాచారము ఉప్పువర్తకమునకు వారిచ్చిన గౌరవమును తెలుపుచున్నది. 1819లో ప్రకటితమైన జాన్ బ్రిగ్సు వ్యాసమునందును బంజారాల చరిత్రయు ఆచారములును వివరింపబడినవి.

ఈ వర్తకమందలి సూత్రము సరళము. లోసీమనుండి ధాన్యమును ప్రత్తియు తీరమునకు పోవును. తిరిగివచ్చు ఎద్దు వట్టివీపున రాకుండ ఉప్పు తెచ్చును. ఉప్పు చవుకసరుకు; తనంతట తాను ఇంతదూరపు కూలిని భరింపజాలదు. అది వచ్చుటకు ఏదేని పోవలెను. కఱవువచ్చి ధాన్యము తఱిగినయేడు ఎద్దులు తీరమునకు బయలుదేరవు గనుక ఉప్పును తఱుగును. కఱవునందు కూడును ఉప్పును ఒక్కమాఱే ప్రియమగుటకు కారణ మిదియే.

పన్ను, నది, రైలు

1766లో నిజాం అలీఖాను ఉత్తరసర్కారులను ఇంగ్లీషు కంపెనీవారికి విడిచెను. 1788లో గుంటూరుకూడ వారివశమయ్యెను. అంతటితో హైదరాబాదు రాజ్యమునకు తీరమును, తీరమునందలి ఉప్పుమడులును లేకుండబోయెను. 1805లో కంపెనీ మదరాసు రాజధానియందు ఉప్పును తన గుత్తసొత్తుగా చేసికొనెను. గరిసెకు మొదట 70 రూపాయలు ధర, 1809లో 105, నడుమ తగ్గి మరల పెరిగి 1844లో 120. గరిసె యనగా 120 మణుగులు, మణుగు సుమారు 37 కిలోగ్రాములు. అనగా 1844 నాటికి మణుగునకు ఒక రూపాయ. 1878లో మదరాసు ఉప్పుపన్ను మణుగునకు రెండున్నర రూపాయ లయ్యెను. 1882లో రెండు రూపాయలు. 1888లో మరల రెండున్నర. 1907లో ఒక రూపాయ. ఈ పన్ను తీరముననే వసూలగుచుండెను గనుక, ధర్మపురియందో చెన్నూరునందో సముద్రపుటుప్పు గొన్నవాడు తనపై నేలుబడిలేని ప్రభుత్వమునకు పన్ను గట్టినవాడే. ప్రపంచచరిత్రలో ఉప్పుపన్నుచే ప్రసిద్ధమైన ఫ్రాన్సుదేశమందు ప్రజలు 1790లో దానిని తొలగింపజేసికొనిరి. ఇచ్చటివారికి తొలగింపుమని యడుగుటకు తగిన సభయే లేదు.

ఉత్తరమున మఱియొక వింత జరిగెను. ఉప్పును పన్నులేక దాటనీయకుండుటకై సింధునదినుండి మహానదివఱకు ఒక కాపుదలరేఖ యేర్పడెను. 1869 నాటికి దాని నిడివి సుమారు 2,300 మైళ్ళు. కావలివారు సుమారు 12,000 మంది. అందు చాలభాగమున ముండ్లకంచె పెంచిరి. ఆ రేఖ బురహానుపురము మీదుగా మధ్యపరగణాలలోనికి వచ్చెను. 1879లో అది తీసివేయబడెను.

ఇదేకాలమున గోదావరి ఉప్పుబాట యగునను నాశ పుట్టెను. సర్ ఆర్థర్ కాటను ఆలోచన ప్రకారము వార్ధాలోయనుండి ప్రత్తి పడవలపై ప్రాణహితా గోదావరులవెంట సముద్రమునకు దిగవలెను. అవే పడవలు తీరపుటుప్పుతో ఎగువకు మరలవలెను. లంబాడీల ఎద్దు చేసిన పనియే పడవ చేయవలెనన్నమాట. దీనికొఱకు 1860నాటి సంధిలో గోదావరి, వైనగంగలపై నడచు సరుకునకు సుంకములు తీసివేయబడినవి. సిరివంచ, నూగూరు, చెర్ల, భద్రాచలము మున్నగు ఎడమగట్టు తాలూకాలు నిజామునుండి ఇంగ్లీషువారి చేతికి పోయినవి. కాని నదిలో మూడు రాతియడ్డములున్నవి: దుమ్ముగూడెమువద్ద నొకటి, కరీంనగరసీమ యంచున ఎంచంపల్లివద్ద నొకటి, ప్రాణహితపై దేవలమఱ్ఱివద్ద నొకటి. కాలువలు త్రవ్వి వీనిని దాటించుటకు చాలధనము వ్యయమైనపిదప 1871లో ఆ ప్రయత్నము విడువబడెను. పడవ తీసికొనిరాని యుప్పును రైలు తెచ్చెను. 1889లో ఓరుగల్లునుండి బెజవాడకు దారి పడెను. 1901 నాటికి బాసరమీదుగా మన్మాడుదారి నడచెను. 1929 నాటికి కాజీపేట బల్హార్షాలు కలిసినవి. పెరికె సంచియు, లంబాడీ మంద యుప్పుమోతయు క్రమముగా నంతరించినవి.

చవుటియుప్పు గతి

బాటయుప్పు చవుకైనకొలది ఊరియుప్పు క్షీణించెను. కాని యన్నిచోట్ల నది వెలపోటీచేతనే నశింపలేదు. మదరాసు రాజధానిలో పందొమ్మిదవ శతాబ్దాంతమున చవుటియుప్పు తీయుట శాసనముచే అణచివేయబడెను. పన్నులేని యుప్పు పన్నుగల యుప్పునకు శత్రువగుటయే కారణము. బళ్ళారి ప్రాంతపు ఉప్పరులు తమ మోదలను విడిచి మట్టిపనికిని రాతిపనికిని మరలిరి. తెలంగాణమునందును ఉప్పరులు చెఱువుకట్టలకు, బావులకు, ఇండ్లకు మట్టిపనివారై ప్రసిద్ధులైరి. త్రవ్వుట నిలిచినది, ఉప్పు పోయినది, పేరు మిగిలినది.

1930లో దండిసత్యాగ్రహము జరిగినప్పుడు తీరములేని బీరారువారు ఉప్పునకై సముద్రమువఱకు పోలేదు. అకోలావద్ద దహిహండ యందలి ఉప్పునీటి బావుల నీటినుండియే ఉప్పు తీసి శాసనమును ధిక్కరించిరి. ఇది సామాన్యమైన సంఘటనము కాదు. లోసీమవాని యుప్పు తన కాలిక్రింది నేలలోనే యున్నదనియు, దానిని తీసికొను హక్కు తనదేననియు జనులు మఱవలేదనుటకు నిదర్శనము. కౌటిల్యుడు వెట్టివానికి ఒప్పుకొన్న కూటియుప్పును, గౌతమీపుత్రుడు భిక్షువుల పొలమునకు ఒసగిన పరిహారమును ఈ సందర్భముననే స్మరింపదగును. రెండువేల యేండ్లకు పూర్వము రాజు ‘ఇచ్చటి చవుడును మావారు త్రవ్వరు’ అని వ్రాసియిచ్చెను; ఆధునిక ప్రభుత్వము ‘ఇచ్చటి చవుడును మీరు త్రవ్వరాదు’ అని శాసించెను. వివాదవస్తువు ఒక్కటియే. 1947లో ఉప్పుపన్ను రద్దయ్యెను. అప్పటికి పని తెలిసిన చేతులు మాత్రము వేఱుపనులకు అలవడినవి.

చవుడు మాత్రము పోలేదు. చెఱువుల క్రిందను కాలువల క్రిందను నీరు నిలిచినచోట్ల పాత తెల్లపూత మరల పొడచూపుచున్నది. ఒకనాడు ఉప్పరవానికి పంటయైనది నేడు కాపువానికి తెగులు. జిప్సము చల్లి మంచినీట కడిగి, జీలుగ దున్ని దానిని పోగొట్టుచున్నారు. చవుడును నీట కడుగుట యనునది మాత్రము పాతపనియే. కడిగిననీటిని దాచుకొనుటకు మాఱుగా పాఱవిడుచుచున్నారు.

దానశాసనముల యందలి పారిభాషికపదములు ఊరిపనులనుండి పుట్టినవి. కోశములు చెప్పలేని యర్థమును పనివాని గుంట చెప్పగలదు. ‘అలోణఖాదక’ మందులకొక నిదర్శనము. ఉప్పర, పెరికె, లంబాడీ, కొలాము వృద్ధుల నోట మిగిలిన ఉప్పుపదములును, ఊరివెలుపలి చప్పనిదిబ్బలును శాసనములతో సమానముగా సేకరింపదగినవి. వీనికి శిలయు తామ్రమును రక్షణ లేవు. ఆ పదములను, ఆ దిబ్బల తావులను తమతమ యూళ్ళలో వ్రాసియుంచుట పాఠశాలాపండితులకు సులభసాధ్యమైన చరిత్రసేవ.